మాట నేర్చినందుకు

చిలకకి దాని నోరే శత్రువు. కొంగని తెచ్చి ఎవరూ పంజరంలో పెట్టుకోరు. కాకికి ఎవరూ జామపండు కోసి పెట్టరు. పలుకు నేర్చిన పాపానికి చిలకా గోరువంకా చెరలో పడతాయని, నోరు మెదపని కొంగ హాయిగా బతుకుతుందని మన పాత నీతిశాస్త్రం ఎప్పుడో చెప్పింది. ఆ నీతికి ఒక చిలక తన బతుకంతా సాక్ష్యం చెప్పిపోయింది. పేరు అలెక్స్. మన మామిడితోటల్లో తిరిగే పచ్చటి రామచిలక కాదు. ఒళ్లంతా బూడిదరంగు, తోక ఒక్కటే ఎర్రన. పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల జాతి. 2007 సెప్టెంబరు 6 రాత్రి అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయపు గదిలో, మనిషన్నవాడు దగ్గర లేని వేళ పంజరంలోనే ప్రాణం వదిలాడు. అప్పటికి వాడికి 31 ఏళ్లు. ఆ జాతి చిలకలు బాగా చూసుకుంటే యాభై ఏళ్లు కూడా బతుకుతాయి.

వాడి కథ 1977 జూన్‌లో మొదలైంది. షికాగోలో ఓహేర్ విమానాశ్రయానికి దగ్గర్లో, పెంపుడు పిట్టలు అమ్మే ఒక అంగట్లోకి ఐరీన్ పెప్పర్‌బర్గ్ వెళ్లింది. అంతకు ముందు ఏడాదే ఆవిడ హార్వర్డ్‌లో సైద్ధాంతిక రసాయనశాస్త్రంలో డాక్టరేట్ పుచ్చుకుంది. మనసు మాత్రం అందులో లేదు. తోబుట్టువులు లేకుండా న్యూయార్క్‌లో పెరిగిన ఆ పిల్లకి చిన్నప్పుడు ఆటలకీ మాటలకీ తోడు ఒక బుల్లి పెంపుడు చిలకే. చింపాంజీలకి సైగలు నేర్పుతున్నారని టీవీలో చూసిననాటి నుంచీ ఆవిడని ఒకటే ఆలోచన పట్టుకుంది. నోటితో మాట్లాడే పిట్ట చెంతనే ఉండగా, దాన్ని ఎవరూ అడగరేం?

తెలివైనదాన్ని ఏరి తెచ్చుకుందని రేపెవరూ వేలెత్తి చూపకూడదు. అందుకని, ఏది చేతికందితే అది ఇవ్వమంది. అంగడివాళ్లు సుమారు ఏడాది వయసున్న పిట్టని పట్టి, డబ్బాలో పెట్టి, 600 డాలర్లు తీసుకున్నారు. ప్రపంచంలోకెల్లా పేరు మోసిన చిలకని అలా ఎవరూ ఎంచుకోలేదు. ఆ కాలంలో అమెరికా అంగళ్లకి వచ్చే ఆ జాతి చిలకల్లో ఎక్కువ భాగం ఆఫ్రికా అడవుల్లో వలేసి పట్టినవే.

ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఆవిడ భర్తకి ఉద్యోగం. ఆవిడకి అడిగి తెచ్చుకున్న కాస్త చోటు మాత్రమే దక్కింది. డబ్బాలోంచి బయటికొచ్చిన పిట్ట మనిషి చెయ్యి చూస్తేనే వణికేది. పరిశోధనకి డబ్బు కావాలని పెట్టుకున్న మొదటి దరఖాస్తు, ఇది రాసేటప్పుడు ఏం పీలుస్తున్నారమ్మా అన్నంత వెటకారంతో తిరిగొచ్చింది. పిట్టమెదడు అనే తిట్టు ఒకటి ఆ దేశంలో ఉండనే ఉంది. అలెక్స్ మెదడు నిజంగానే అక్రోటు పప్పంత. అందులో ఆలోచన ఎక్కడుంటుందని పండితుల నమ్మకం.

అప్పట్లో ప్రయోగశాలల్లో జంతువుని బరువు తగ్గేదాకా మాడ్చి, పని చేస్తే ఒక గింజ పడేసేవారు. ఐరీన్ ఆ దారి పట్టలేదు. డీట్మార్ టోట్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపిన పద్ధతిని తీసుకుని తనకి తగ్గట్టు మార్చుకుంది. చిలక ముందు ఇద్దరు మనుషులు కూర్చుంటారు. ఒకరు తాళంచెవి చూపించి ఇదేమిటని అడుగుతారు. రెండో మనిషి సరిగ్గా చెబితే ఆ తాళంచెవే బహుమతి. తప్పు చెబితే చీవాట్లు, వస్తువు దూరం. ఆ తర్వాత ఇద్దరూ పాత్రలు మార్చుకుంటారు. చూస్తున్న చిలకకి ఆ తాళంచెవి మీద మనసవుతుంది. అవతలి మనిషికి పోటీగా నోరు విప్పుతుంది. పక్కింటి పిల్లాడి చేతిలో బొమ్మ చూసి మాటలు కూడబలుక్కునే పసివాడికి జరిగేదీ ఇదే. కాగితం, తాళంచెవి, కొయ్య అంటూ వాడి చదువు మొదలైంది.

ముప్పై ఏళ్లలో అలెక్స్‌కి వందకి పైగా మాటలు వచ్చాయి. యాభై దాకా వస్తువులు, ఏడు రంగులు, ఐదు ఆకారాలు చెప్పేవాడు. ఆరు దాకా లెక్కపెట్టేవాడు. రెండు వస్తువులు ముందు పెట్టి వీటిలో తేడా ఏమిటంటే రంగనో, ఆకారమనో, దేనితో చేశారన్నదనో చెప్పేవాడు. తేడా ఏమీ లేకపోతే ‘ఏమీ లేదు’ అనేవాడు. పది ప్రశ్నలకి ఎనిమిది ఒప్పు. తప్పుల్లో కొన్ని విసుగువల్ల వచ్చినవి. అడిగిందే అడుగుతుంటే సరైన జవాబొకటి వదిలేసి, తక్కిన రంగులన్నీ వరసపెట్టి చెప్పేవాడు. తెలియనివాడు అంత పద్ధతిగా తప్పు చెప్పలేడు.

ఒక రోజు పళ్లెంలో రంగు దిమ్మలు పెట్టారు. ఒక రంగువి రెండు, ఇంకో రంగువి మూడు, మరో రంగువి ఆరు. “మూడున్నవి ఏం రంగు?” అని ఐరీన్ అడిగింది. అలెక్స్ “ఐదు” అన్నాడు. మళ్లీ అడిగింది. మళ్లీ “ఐదు”. పళ్లెంలో ఐదున్న గుంపే లేదు. వీడికి ఇవాళ మనసు బాగోలేదనుకుని ఇంకోసారి అడిగినా “ఐదు” అనే అన్నాడు. ఆవిడకి చిర్రెత్తింది. “సరే నాయనా, ఐదున్నవి ఏం రంగో చెప్పు” అంది. “ఏమీ లేదు” అన్నాడు. తేడా లేదనడానికి ఎప్పుడో నేర్చుకున్న మాటని, లెక్కలో లేనిదాన్ని చెప్పడానికి ఎవరూ నేర్పకుండానే వాడుకున్నాడు. పైగా తనకి కావలసిన ప్రశ్న ఆవిడ చేత అడిగించుకుని మరీ చెప్పాడు. సున్నాకి దగ్గరగా వచ్చిన ఆ ఊహ 2005లో ఒక శాస్త్రీయ పత్రికలో అచ్చయింది.

మరోసారి, ప్రయోగశాలకి డబ్బు ఇవ్వగల పెద్దమనుషులు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ప్లాస్టిక్ అక్షరాలు చూపించి శబ్దాలు పలికించే పరీక్ష. ఒక్కో జవాబు చెప్పగానే అలెక్స్ “నట్ కావాలి” అంటున్నాడు. వచ్చినవాళ్లకి తీరిక తక్కువ, చిలక తింటూ కూర్చుంటే కాలం గడిచిపోతుంది. అందుకని ఆవిడ “ఆగు, తర్వాత” అంటూ వాయిదా వేస్తోంది. చివరికి వాడు కళ్లు చిన్నవి చేసి ఆవిడని చూస్తూ, “నట్ కావాలి. న్... అ... ట్” అన్నాడు. నీకు అర్థం కావడం లేదా, అక్షరం అక్షరం విడదీసి చెప్పనా, అన్నట్టు. వాడికి అప్పటిదాకా విడి శబ్దాలే నేర్పుతున్నారు. మాటని విడగొట్టడం ఇంకా నేర్పనేలేదు.

ఇంత చేసినా సందేహం వాడి వెన్నంటే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం డెక్కతో కొట్టి లెక్కలు చేసేది. అడిగే మనిషి కదలికలు చూసి ఆగుతోందే తప్ప దానికి లెక్కలు రావని 1907లో తేలింది. ఆనాటి నుంచి తెలివైన జంతువు అనగానే ఆ గుర్రాన్ని చూపించి నవ్వడం పండితులకి అలవాటు. అందుకే ఐరీన్ నేర్పేవాళ్లని వేరు, అడిగేవాళ్లని వేరు చేసింది. చిలక జవాబు విని చెప్పే మనిషిని పళ్లెం కనబడకుండా అటు తిప్పి కూర్చోబెట్టింది. అలెక్స్‌కి భాష వచ్చని తను ఏనాడూ అనలేదు. ప్రతి జవాబునీ పదేపదే చెప్పించి, లెక్క కట్టి, అప్పుడే అచ్చుకి ఇచ్చేది. వాడి బతుకులో ఎక్కువ భాగం అలా రుజువులకే పోయింది. తెలిసిన జవాబునే మళ్లీ మళ్లీ చెప్పాలి, ఎందుకంటే ఎక్కడో ఒక మనిషి ఇంకా నమ్మలేదు.

నమ్మని లోకంలో ఇల్లు నిలవదు. పర్డ్యూ నుంచి నార్త్‌వెస్టర్న్‌కి, 1991లో అరిజోనాకి, 1999లో ఎం.ఐ.టి.లోని మీడియా ల్యాబ్‌కి, అక్కడి నుంచి బ్రాండైస్ విశ్వవిద్యాలయానికి. ఆవిడ ఎక్కడికి వెళ్తే పంజరం అక్కడికి కదిలింది. సంసారం మధ్యలోనే తెగిపోయింది. అరిజోనాలో దొరికిన శాశ్వత ఉద్యోగాన్ని వదిలి, మీడియా ల్యాబ్‌ని నమ్ముకుని వచ్చింది. ఇంటర్నెట్ కంపెనీల బుడగ పగిలి అక్కడి డబ్బూ ఎండిపోయింది. కొంతకాలం నిరుద్యోగ భృతి మీద బతికింది. ఇంట్లో వెచ్చదనం తగ్గించుకుంది, తిండి ఖర్చు తగ్గించుకుంది, చిలకల ఖర్చు మాత్రం తగ్గించలేదు. ఊరూరా ఉపన్యాసాలిచ్చి, అలెక్స్ పేరున 1991లో పెట్టిన సంస్థ ద్వారా అభిమానుల దగ్గర చందాలు పోగుచేసి, ఆ గది దీపం ఆరకుండా చూసుకుంది. పేరు ప్రపంచమంతా ఉంది, నెల తిరిగేసరికి జీతం లేదు. మన పల్లెల్లో పేరు పొందిన తోలుబొమ్మల కళాకారులకీ బుర్రకథ దళాలకీ ఇదేమీ కొత్త కథ కాదు.

వాడి మాటల్లో పరీక్షకి పెట్టనివీ ఉన్నాయి. పరీక్ష విసుగెత్తినా, భయమేసినా “వెళ్లిపోతా” అనేవాడు. అరిజోనాలో ఆవిడ ఒకసారి ఇంటికి తీసుకెళ్తే, కిటికీ బయట గుడ్లగూబలు కనబడ్డాయి. పిట్ట హడలిపోయి “వెళ్లిపోతా, వెళ్లిపోతా” అంది. తెర వేసినా ఊరుకోలేదు, ప్రయోగశాలకి తిరిగి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఇంకోసారి జబ్బుచేసి పశువైద్యుడి దగ్గర వదిలి వెనుదిరిగితే, వెనక నుంచి గొంతు వినిపించింది. “ఇటు రా. నువ్వంటే నాకిష్టం. తప్పయిపోయింది. వెళ్లిపోతా.” చీవాట్లు తగ్గాలంటే ఏమనాలో, మనుషులు దగ్గరికి రావాలంటే ఏమనాలో వాడు మొదటి నుంచీ గమనిస్తూనే ఉన్నాడు. తనకి తెలిసిన మంచి మాటలన్నీ ఆ రోజు ఒక్కసారిగా తలుపు వైపు విసిరాడు.

నా మనసులో గుచ్చుకునేది ఆ ‘వెళ్లిపోతా’ అన్న మాటే. ఎక్కడికి? అడవి వాడికి గుర్తుందో లేదో ఎవరికీ తెలియదు. వెళ్లడానికి వాడికి తెలిసిన చోటు పంజరం ఒక్కటే. చెరలోంచి విడిపించమని కాదు, చెరకే చేర్చమని ప్రాధేయపడ్డాడు. చెరలో పడడమంటే పంజరంలో చిక్కుకోవడమే కాదు. ఎక్కడి నుంచి వచ్చామో ఎరగకపోవడమూ చెరే.

చివరి రోజుల్లో బ్రాండైస్‌లో గ్రిఫిన్, వార్ట్ అనే మరో రెండు చిలకలు వాడికి తోడు. గ్రిఫిన్ పాఠం అప్పజెబుతుంటే అలెక్స్ మధ్యలో దూరి “సరిగ్గా చెప్పు” అని గదమాయించేవాడు. ఒక్కోసారి తప్పు జవాబు అందించి చిన్నవాణ్ని తికమకపెట్టేవాడు. యాపిల్‌కి మాత్రం కడదాకా యాపిల్ అనలేదు. బనానా, చెర్రీ కలిపి ‘బనెరీ’ అని తనే ఒక పేరు పెట్టాడు. ఎంతగా దిద్దినా, ఆ మాటనే సాగదీసి నెమ్మదిగా తిరిగి వాళ్లకే నేర్పబోయాడు.

సెప్టెంబరు 6, గురువారం సాయంత్రం. పని ముగించి ఐరీన్ వాణ్ని పంజరంలో పెట్టింది. “బుద్ధిగా ఉండు. నువ్వంటే నాకిష్టం” అన్నాడు. “నాక్కూడా నువ్వంటే ఇష్టం” అంది. “రేపొస్తావా?” అన్నాడు. “వస్తాను” అంది. ఆ సంభాషణని తర్వాత లోకమంతా చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకుంది, చావు ముందే తెలిసినవాడి వీడ్కోలులా. నిజానికి అవి రోజూ రాత్రి చెప్పుకునే మాటలే. దీపం తీసేముందు మన ఇళ్లలో పడుకో అమ్మా అని అనుకోవడం లేదూ, అలాంటివే. ఏ ప్రత్యేకతా లేని రాత్రి కనకనే అది అంత దుఃఖంగా ఉంది.

శుక్రవారం పొద్దున ఆవిడకి ఒక ఈమెయిల్ వచ్చింది. చిలకల్లో ఒకటి పంజరం అడుగున చనిపోయి కనబడిందని. ఏ చిలకో రాసినవాళ్లకి తెలియదు, గదిలో వెనక ఎడమ మూల పంజరం అని మాత్రం ఉంది. ఆ మూల ఎవరిదో ఆవిడకి తెలుసు. అంతకు కొద్ది రోజుల ముందే చేయించిన వైద్య పరీక్షల్లో ఏ లోపమూ కనబడలేదు. గుండెకో, మెదడుకో సంబంధించిన హఠాత్తు ఘటన అయి ఉంటుందని తర్వాత తేల్చారు.

ఆ గురువారమే ఇటలీలో పవరోట్టి చనిపోయాడు. పత్రికలన్నీ ఆ మహాగాయకుడి మీదే ఉన్న వారమది. అయినా అరకిలో బరువైనా లేని పిట్టకి న్యూయార్క్ టైమ్స్ చోటిచ్చింది. ఎకనామిస్ట్ పత్రిక మహామహులకి కేటాయించే తన సంస్మరణ పేజీని అలెక్స్‌కి ఇచ్చింది. వేల కొద్దీ ఉత్తరాలు వచ్చాయి. బతికుండగా ఒక్కో రుజువుకీ వంద ప్రశ్నలు ఎదుర్కొన్నవాడిని చచ్చిపోయాక అందరూ ఒక్కమాటు నమ్మేశారు. సగంలో ఆగిపోయిన కూడికల లెక్కలు, చావు తర్వాత ఐదేళ్లకి, 2012లో అచ్చయ్యాయి. గిన్నెల కింద దాచినవి చూపించి మొత్తం ఎన్ని అని అడిగితే వాడిచ్చిన జవాబులు అవి.

వాడి జాతి గురించి కూడా ఈ గాథలోనే చెప్పుకోవాలి. అలెక్స్ కీర్తి పెరుగుతున్నకొద్దీ ఆ మాట్లాడే చిలక మాకూ కావాలన్నవాళ్లు పెరిగారు. 1982 నుంచి 2001 దాకా అడవుల్లో పట్టి దేశాలు దాటించిన బూడిదరంగు చిలకలు 13 లక్షలకి పైమాటే, అదీ కాగితాలకెక్కినవి. పట్టేటప్పుడు, పెట్టెల్లో మోసేటప్పుడు చచ్చినవి వేరు. అడవులు కొట్టేయడం దానికి తోడైంది. ఒకప్పుడు చెట్టు చెట్టుకీ మందలుండే ఘనాలో, 1990ల మొదటి నుంచి చూసుకుంటే వందకి తొంభై, అంతకన్నా ఎక్కువే మాయమయ్యాయని పరిశోధకులు లెక్క తేల్చారు. 2016లో జొహానెస్‌బర్గ్‌లో వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు దేశాలు సమావేశమై, అడవి నుంచి పట్టిన ఆ చిలకల వ్యాపారాన్ని నిషేధించేదాకా ఈ దోపిడీ సాగింది. పలుకే వాటిని పట్టించింది.

మనకీ ఇందులో వాటా ఉంది. రామచిలకని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. అయినా జోస్యం చెప్పే చిలక సంతలో కనబడితే మనం ఆగి చూస్తాం. విదేశీ పిట్ట కదా అని హైదరాబాద్‌లో అలెక్స్ జాతి చిలకని, ఆఫ్రికన్ గ్రేని, ముచ్చటపడి కొనేవాళ్లున్నారు. ఒంటరిగా వదిలేస్తే తన ఈకలు తనే పీక్కునే పిట్ట అది. ఒక్కోసారి పెంచినవాళ్ల కంటే ఎక్కువ కాలం బతికి, చేతులు మారుతూ పోతుంది. దాని భారం పసిపిల్లని సాకడమంత అని ఐరీనే చెబుతుంటుంది.

భద్రాచల రామదాసు గోల్కొండలో పన్నెండేళ్లు మగ్గింది వెనకటి జన్మలో ఒక చిలకని పన్నెండేళ్లు పంజరంలో పెట్టినందుకేనని మన పెద్దలు కథ చెబుతారు. చరిత్ర అవునా కాదా అన్నది పక్కనపెడితే, చిలక చెరకి లెక్క ఉంటుందని నమ్మిన జాతి మనది. ఒక్క పిట్టకి పన్నెండేళ్లయితే 13 లక్షల పిట్టలకి ఎన్ని జన్మలు? ఇందులో ఐరీన్‌ని దోషిగా నిలబెట్టాలని నాకు లేదు. తన బతుకంతా ఒక పిట్ట పక్కన నిలబడి దాని మాటకి విలువ కట్టించిన మనిషి ఆవిడ. ఆవిడ కట్టించిన విలువ వల్లే ఈ లెక్క మనకిప్పుడు అడ్డంగా నిలబడుతోంది.

పళ్లెంలో ఐదు లేవని అలెక్స్ చెప్పినప్పుడు శాస్త్రం నమ్మింది. ఆ నోటినే ఒక చోట నమ్మి మరో చోట నమ్మకపోతే ఎలా? “వెళ్లిపోతా” అన్నదీ ఆ నోటి మాటే. వాడి వరకు దానికి అర్థం పంజరమైంది, ఎందుకంటే వాడికి మనం మిగిల్చింది అంతే. ఇంకా ఆఫ్రికా కొమ్మల మీద గుడ్డులోంచి బయటికొస్తున్న పిల్లలకి ఆ మాటకి అర్థం అడవి కావాలంటే, మాట్లాడే చిలకని చూసి కొనాలనిపించే ముచ్చటని మనమే చంపుకోవాలి.